కోలా చెవులకు కాస్త దూది

ఈ సంచిక నడిమి పేజీలు కోలావి. రంగులు వేయడానికి రెండు బొమ్మలు, కత్తిరించి అతికించడానికి ఒక ముఖం ఇచ్చాం. కోలా ఎలుగుబంటి కాదు. కంగారూలాగే పిల్లను సంచిలో పెంచే జంతువు. ఆస్ట్రేలియా తూర్పు, ఆగ్నేయ అడవుల్లో యూకలిప్టస్ ఆకులు తిని బతుకుతుంది. మన దగ్గర తోటలుగా పెంచే జామాయిల్ కూడా ఆ దేశపు చెట్టే.

ముందు పాదాన్ని కావాలనే పెద్దగా గీయించాం. ఐదు వేళ్లలో రెండు ఒకవైపు, మూడు మరోవైపు ఉంటాయి. కొమ్మ మీద అంత పట్టు దొరికేది అందుకే. పిల్లల్ని తమ చెయ్యి పక్కన పెట్టి చూసుకోమనండి. చెవులకు దూది అంటించమన్నాం. నిజం కోలా చెవుల్లోనూ తెల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. కత్తెర పని మీరు చేసిపెట్టండి, జిగురు మాత్రం వాళ్లనే పూయనివ్వండి. కోలా గులాబి రంగులో తేలినా దిద్దకండి.

పెద్దలకు ఒక మాట. 2019-20 కార్చిచ్చుల్లో ఎన్నో కోలాలు చనిపోయాయి. 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వం క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల కోలాలను అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. అయిదేళ్ల పిల్లలకు ఇదంతా మనంతట మనం చెప్పక్కర్లేదని నా అభిప్రాయం. వాళ్లు అడిగితే మాత్రం దాచకండి.