పిన్ను పట్టినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్లేనా?

సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటర్, ల్యాప్‌టాప్.. ఇంట్లో ఏది మూగబోయినా చాలాసార్లు పాడయ్యేది పరికరం కాదు, దానికి విద్యుత్తు అందించే అడాప్టర్. దాన్ని మార్చడానికి దుకాణానికి వెళ్తే నాలుగైదు రకాలు ముందుంచుతారు. పిన్ను పట్టిందా, లైటు వెలిగిందా అని చూసుకుని డబ్బు చెల్లించి వచ్చేస్తున్నాం. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది. పిన్ను కొలతకు, వోల్టేజీకి సంబంధం లేదు. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఉండే పిన్నుతోనే 5, 9, 12, 19 వోల్టుల అడాప్టర్లు దొరుకుతున్నాయి. 12 వోల్టుల రూటర్‌కు 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ తగిలిస్తే పరికరమే కాలిపోయే ప్రమాదం ఉంది.

చూడాల్సింది లేబుల్‌నే

అడాప్టర్‌పై ‘అవుట్‌పుట్’ అని ఉన్న వరుసే కీలకం. అందులోని వోల్టులు పరికరం కోరిన దానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానైనా, ఎక్కువగానైనా ఉండవచ్చు. ఆంపియర్లు ఎక్కువైతే పరికరం కాలిపోతుందన్నది అపోహే. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి తిప్పినంతే నీరు వస్తుంది కదా! పరికరం కూడా తనకు కావాల్సినంత కరెంటే తీసుకుంటుంది. తక్కువైతేనే ఇబ్బంది. 1.5 ఆంపియర్లు కావాల్సిన రూటర్‌కు 0.5 ఆంపియర్ల అడాప్టర్ పెడితే అది వేడెక్కుతుంది, రూటర్ పదేపదే ఆగి మొదలవుతుంది. అసలు కారణం తెలియక ఇంటర్‌నెట్ బాగాలేదని ఫిర్యాదు చేసేవారూ ఉంటారు.

ధ్రువత్వాన్నీ గమనించాలి. ఎక్కువ పరికరాలకు పిన్ను లోపలి భాగం ప్లస్, బయటి భాగం మైనస్. కొన్ని సంగీత కీబోర్డులకు ఇది తిరగబడి ఉంటుంది. లేబుల్‌పై ఉండే చిన్న వృత్తాల గుర్తు ఈ సంగతి చెబుతుంది. గీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. అల గుర్తు ఉంటే ఏసీ. ఒకదాని బదులు మరొకటి వాడరాదు.

విదేశీ వస్తువులతో జాగ్రత్త

అమెరికా నుంచి బంధువులు తెచ్చే వస్తువుల విషయంలో ‘ఇన్‌పుట్’ వరుస తప్పక చదవాలి. అక్కడి సరఫరా 120 వోల్టులు, మనది 230. ‘100-240’ అని ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. ‘120’ అని మాత్రమే ఉంటే ప్లగ్ మార్చినంత మాత్రాన పనికిరాదు.

టైప్-సీ రాకతో ఈ బెడద కొంత తగ్గింది. పవర్ డెలివరీ విధానంలో చార్జర్, పరికరం ముందుగా సంప్రదించుకుని 5, 9, 15, 20 వోల్టులలో తగినదాన్ని ఎంచుకుంటాయి. అయితే వాట్లు చాలకపోతే ల్యాప్‌టాప్ నెమ్మదిగా చార్జ్ అవుతుంది లేదా అసలు కాదు. 60 వాట్లు దాటితే కేబుల్ కూడా 5 ఆంపియర్లదై ఉండాలి.

చౌక బేరం.. ప్రాణాలకు ముప్పు

అడాప్టర్ లోపల ఒకవైపు 230 వోల్టులు, మరోవైపు మనం చేత్తో తాకే తీగ. ఈ రెంటినీ వేరుచేసే ఏర్పాటు నాసిరకమైతే విద్యుదాఘాతం తప్పకపోవచ్చు. అందుకే 2012లో మొదలైన నిర్బంధ నమోదు విధానంలోకి కేంద్రం తర్వాత ఈ తరహా అడాప్టర్లనూ చేర్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ఆ సంఖ్య నిజమైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఇందుకు ఖర్చేమీ లేదు. కొత్త పరికరం కొన్న రోజే అడాప్టర్ లేబుల్‌ను సెల్‌ఫోన్లో ఫొటో తీసి ఉంచుకుంటే చాలు. అది పాడైన రోజున పిన్ను చూపించి బేరమాడే బదులు అంకెలు చూపించి అడగవచ్చు. గుర్తు లేని సరుకును కొనేవారు వద్దంటేనే అమ్మేవారూ మానుకుంటారు.