లోపలికొచ్చిన కుర్రాణ్ణి ఎవరనుకుంటున్నారు? (6వ భాగం)



పోయిన భాగం చదివి అట్లాంటాలో ఉద్యోగం చేసే తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. శనివారాలు నల్లజాతి కుర్రాళ్ల ప్రోగ్రాంకి వాలంటీరుగా వెళ్తాడట. "అన్నా, బడి అయ్యాక వాళ్లకి ఇన్ని ప్రోగ్రాములున్నాయి కదా, ఇంకేం కావాలి?" అని అడిగాడు.

ఎన్ని ఉన్నాయన్నది కాదు తమ్ముడూ. గుమ్మం దాటిన కుర్రాణ్ణి ఆ ప్రోగ్రాం ఎవరనుకుంటోంది? అది చెప్పు ముందు.

మిడ్‌నైట్ బాస్కెట్‌బాల్ సంగతే తీసుకో. 1986లో మేరీలాండ్‌లోని గ్లెనార్డెన్‌లో స్టాండిఫర్ అనే టౌన్ మేనేజర్ మొదలుపెట్టాడు. ఆయనా నల్లవాడే, మంచి మనసుతోనే పెట్టాడు, కాదనను. రాత్రి 10 నుంచి 2 దాకా ఆట. ఆ టైమే ఎందుకు? నేరాలు ఎక్కువ జరిగే టైమని. అంటే కుర్రాడికి ఆటంటే ఇష్టమని తలుపు తియ్యలేదు, వాడు వీధిలో ఉంటే భయమని తీశారు. ఆట దగ్గర యూనిఫాం పోలీసులు కూడా! 1994లో దీనికి డబ్బు ఏ బిల్లులో పెట్టారు? చదువు బిల్లులో కాదు, నేరాల బిల్లులో. దాని మీద మళ్లీ ఎగతాళి. మంచి కోచ్ దొరికి బాగుపడిన కుర్రాళ్లు ఉండే ఉంటారు. అది ఆ కోచ్ గొప్పతనం.

ఇప్పుడు 1964 మిసిసిపీకి రా. చర్చిలు తగలబెడుతున్న వేసవి అది. చార్లీ కాబ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు వేసిన ప్రతిపాదనతో చర్చిల్లో, అరుగుల మీద, చెట్ల కింద 40కి పైగా ఫ్రీడమ్ స్కూళ్లు నడిచాయి. పిల్లలు తమ చరిత్ర చదివారు, సొంత పత్రికలు తెచ్చారు. ఆగస్టులో మెరిడియన్‌లో సభ పెట్టుకుని తమ డిమాండ్లు తామే రాసుకున్నారు. అక్కడ వాళ్లు నేరస్తులూ కాదు, జాలిపడాల్సిన వాళ్లూ కాదు. పౌరులు.

ఈ తేడా నాకు ఒంటి మీద తెలుసు. హాస్టల్లో ఉన్నప్పుడు ఓ సాయంత్రం 'వ్యక్తిత్వ వికాసం' క్లాసన్నారు. వచ్చిన సారు మొదటి మాట: "దొంగతనాలు చెయ్యకండి." మేం ఏం దొంగిలించామని? సెలవులకు వాడకొస్తే సంఘం అన్నలు లాంతరు పెట్టి పేపరు చదివించేవాళ్లు. చదివాక "దీని మీద నీకేమనిపించిందిరా?" అనేవాళ్లు. మూడు రోజులు నోరు పెగల్లేదు. నాలుగో రోజు లేచి నిలబడి మాట్లాడాను.

తమ్ముడూ, ఈ శనివారం వెళ్లినప్పుడు ఆ ప్రోగ్రాం ఫండింగ్ కాగితం అడిగి చూడు. అందులో కుర్రాణ్ణి 'ఎట్-రిస్క్' అని రాశారా? అయితే ఆ రిస్కు ఎవరి వల్లో కూడా రాశారా? చూసి నాకు చెప్పు.