ప్రతిధ్వనీ - పాఠాంతరాలూ

ఆమధ్య మా కాలేజీలో జరిగిన ఒక సభలో చమురు పరిశోధన గురించి మాట్లాడిన పెద్దమనిషి ఒకరు, "కంప్యూటరు భూమి కడుపుని ఫోటో తీసి చూపిస్తుంది. దానికి రాగద్వేషాలు లేవు. అది చెప్పిన అంకెను శంకించడమంటే శాస్త్రాన్ని శంకించడమే" అని సెలవిచ్చారు. సభ అయ్యాక నేనొక ప్రశ్న వెయ్యబోతే, తెలుగు మాస్టారుకి భూగర్భంతో ఏం పనండీ అని నవ్వేశారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

పని ఉంది. నేను పాఠాలు చెప్పేది కోనసీమలో. నిరుడు దాళ్వా ఊడ్పులయ్యాక నా విద్యార్థి ఒకడు నాలుగు పేజీల కాయితం పట్టుకొచ్చాడు. అంతా ఇంగ్లీషు. వాళ్ళ నాన్న చేలో గొట్టం దింపి, మందుగుండు పెట్టి, గట్లవెంట తీగలు పరిచి వెళ్ళారట. కాయితంలో పంటనష్టం కింద ఇంత ఇస్తామని ఉంది. ఆ చేనికింద ఏం వినబడిందో ఎప్పటికైనా చెబుతామన్న ముక్క మాత్రం లేదు. కుర్రవాడు అడిగిందీ అదే: "మా పొలంలో ఏముందో మాకు చెప్పరా మాస్టారూ?" 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. 2014 జూన్‌లో నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా మరణించారు. అటువంటి సీమలో ఈ ప్రశ్న కేవలం కుతూహలం అనుకోగలమా?

ఇంతకీ ఆ ఫోటో ఎటువంటిది? నేలలో చిన్న పేలుడు పుట్టిస్తారు. సముద్రంలోనైతే గాలితుపాకులు పేలుస్తారు. ఆ కంపన తరంగం కిందికి పోయి, ఒక రాతిపొర మారి మరొకటి వచ్చినచోటల్లా కొంతభాగం వెనక్కి వస్తుంది. దాన్ని పైన పరిచిన చెవులు వింటాయి. కొలిచేది కాలాన్ని - సెకనులో వెయ్యోవంతుల్లో. అంటే చేతికి వచ్చేది రూపం కాదు, ప్రతిధ్వని. ధ్వనిని బట్టి శత్రువుల ఫిరంగులెక్కడున్నాయో పసిగట్టే పనినుంచే ఈ విద్య చాలామట్టుకు ఎదిగింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలో మింట్రోప్ దీన్ని రాళ్ళమీదికి మళ్ళించాడు. 1921లో అమెరికాలోని ఓక్లహామాలో కార్చర్ బృందం పొరలనుంచి తిరిగివచ్చే తరంగాన్ని పట్టి చూపింది.

ప్రతిధ్వని రెండు సెకన్లకు తిరిగి వచ్చిందనుకోండి. తరంగం సెకనుకు సగటున 2,500 మీటర్లు నడిచిందని పెట్టుకుంటే ఆ పొర లోతు 2,500 మీటర్లు. లేదు, 2,700 నడిచిందంటే అదే పొర 200 మీటర్లు కిందికి జారుతుంది. దగ్గరలో బావి తవ్వి కొలిచేదాకా ఆ వేగం ఒక ఊహ; చదువుకున్న ఊహే, కాని ఊహే. ఇక సన్నని పొరల సంగతి. 30 ఆవృత్తుల తరంగం 3,000 మీటర్ల వేగంతో పోతుంటే దాని నిడివి నూరు మీటర్లు. అందులో నాలుగోవంతుకి, అంటే పాతిక మీటర్లకి తక్కువ మందమున్న పొర పైఅంచూ కిందిఅంచూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

తాళపత్రాలు పరిష్కరించినవాడికి ఇదంతా కొత్తగా తోచదు. ఒక్క ప్రతిని నమ్మరాదని మనకి తెలుసు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు పోల్పించింది అందుకే. చమురువాళ్ళూ అదే చేస్తారు: భూమిలో ఒకే బిందువును వేరువేరు పేలుళ్ళతో, వేరువేరు దూరాలనుంచి మళ్ళీ మళ్ళీ విని, కలిపి, రొదని తొలగిస్తారు. 1950లలో హారీ మేన్ అనే అమెరికన్ ప్రవేశపెట్టిన పద్ధతి అది. గొప్ప పద్ధతి. ఐతే పరిష్కర్త తాను తోసేసిన పాఠాంతరాలను పుట అడుగున అచ్చువేస్తాడు. వెయ్యనివాణ్ణి మనం పండితుడనం. చమురు కంపెనీల లోపలి నివేదికల్లోనూ పాఠాంతరాలుంటాయి: ఒకే నిక్షేపానికి తక్కువ అంచనా, నడిమి అంచనా, ఎక్కువ అంచనా అని మూడంకెలు వేసుకోవడం వారి ఆనవాయితీ. పత్రికల మొదటి పేజీకి ఎక్కేది ఒకటే. ఏదో పాఠకులు ఊహించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు వేరే ఉంది. ఇసుకరాయి రంధ్రాల్లో గ్యాసు ఉన్నచోట ప్రతిధ్వని ఒక్కసారి బిగ్గరగా వస్తుంది. పటంమీద ఆ చోటు మెరుస్తుంది. 1970 ప్రాంతాల్లో ఈ మెరుపును గుర్తుపట్టడంతో పరిశ్రమకి కొత్త కన్ను వచ్చినట్లయింది. కాని రంధ్రాల్లో నూటికి పదిపాళ్ళు గ్యాసున్నా, ఎనభై పాళ్ళున్నా మెరుపు ఇంచుమించు ఒకటే. సోడాబుడ్డిలో బుడగలంత గ్యాసు, తవ్వితే నీళ్ళే ఎక్కువ వచ్చే గ్యాసు, పటంలో నిధిలా వెలుగుతుంది. ఇది వారి పాఠ్యపుస్తకాల్లోనే ఉన్న మాట. ఉపన్యాసాల్లో ఉండదు.

ఈ విద్యని మన తీరంలో ఎలా వాడారో చూడండి. 2005 జూన్‌లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, తమ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జి.ఎస్.పి.సి. కృష్ణా-గోదావరి తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు కనుగొన్నదని ప్రకటించారు. తరువాత ఆమోదం పొందిన పథకం నాటికి మిగిలింది అందులో దాదాపు పదోవంతు. 2017లో ప్రభుత్వరంగ సంస్థ ఓ.ఎన్.జి.సి. దాదాపు 8 వేల కోట్ల రూపాయలకు ఆ బ్లాకులో 80 శాతం వాటా తీసుకున్నది. ఆ మొదటి అంకె ప్రకటించినందుకు ఎవరైనా సంజాయిషీ చెప్పుకున్నారా?

రిలయన్స్ వారి డి-6 కథ ఇంకా పెద్దది. 2002లో గ్యాసు కనబడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నది పథకం. 2010లో 6 కోట్ల దాకా ఎక్కి, 2013 నాటికి 2 కోట్లకి లోపు పడిపోయింది. నిక్షేపం అంచనా మూడోవంతుకి దిగింది. భూగర్భమే మోసం చేసిందని కంపెనీ వాదన. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ వాదన. ఈ వ్యాజ్యంలో తీర్పు చెప్పగల సాక్ష్యం ఏది? ఆ ప్రతిధ్వనులే, ఆ బావుల లెక్కలే. అవి జనం చేతికి రావు. ఈలోగా ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్కేంద్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. వాటికి అప్పులిచ్చిన బ్యాంకుల్లో ఎవరి డబ్బుందో నేను చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరు తరువాత అదే బ్లాకులో వేరే క్షేత్రాలు తెరిచాక ఉత్పత్తి మళ్ళీ పెరిగిన మాట నిజం. గ్యాసు లేదని కాదు నా వాదన. ఉందో లేదో, ఎంతుందో చెప్పే అధికారం అంకె పెరిగితే లాభపడేవారి ఒక్కరి చేతిలోనే ఎందుకుండాలన్నది నా వాదన.

ఇక మన శిబిరంలోని మిత్రులకి ఒక మాట. ఈ సర్వేలన్నీ బూటకం, భూమాతను హింసించడం అని కవిత్వం రాసేవారితో నాకు ఏకీభావం లేదు. 1956లో ఓ.ఎన్.జి.సి. ఏర్పడి, సోవియట్ నిపుణుల తోడ్పాటుతో వెతికి, 1958లో కాంబేలో, 1960లో అంకలేశ్వర్‌లో చమురు తీసింది ఈ విద్యతోనే. హైదరాబాదులో 1961నుంచి జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఉంది. ఈ పటాలు చదవగలవారు మనవాళ్ళలోనే ఉన్నారు. విద్యని తిట్టి పక్కకి తప్పుకుంటే ఆ పటాన్ని చదివే పని మళ్ళీ ఆ పెద్దమనిషికే వదిలినట్లు.

వ్యాపార రహస్యం అంటారు. ఎవరి వ్యాపారం, ఎవరి రహస్యం? సముద్రగర్భంలోని ఖనిజసంపద కేంద్రప్రభుత్వానిదని రాజ్యాంగం 297వ అధికరణం. గ్యాసు ప్రజల ఆస్తి అని 2010 మేలో సుప్రీంకోర్టు తీర్పు. 2017లో ప్రభుత్వం జాతీయ దత్తాంశ భాండాగారం తెరిచి, పెట్టుబడిదారులు ముందే చూసి బ్లాకులు ఎంచుకునే వీలు కల్పించింది. కొనేవాడికి చూపించదగినది, చేను తవ్వించుకున్నవాడికి చూపించరానిది ఎలా అవుతుందో నాకు బోధపడడం లేదు. మూడంకెలూ అచ్చువెయ్యండి, ఏ వేగం పట్టుకున్నారో, ఏ బావితో సరిచూశారో పక్కన రాయండి, మా జిల్లాలకి సంబంధించినంతవరకు తెలుగులో రాయండి. పరిభాష లేదంటే మేము తయారుచేస్తాం, అది మా వృత్తి. కుర్రవాడి కాయితం ఇంకా నా బల్లమీదే ఉంది. సగం అనువాదం అయింది.