ముద్ర లేని తుపాకీ

మౌజర్ కంపెనీ 1944 చివర్లో, జర్మనీలోని ఓబర్న్‌డోర్ఫ్ కార్ఖానాలో దొంగ సరుకు తయారు చేసింది. బ్రిటిష్ వాళ్ల స్టెన్ గన్‌కి అచ్చుగుద్దినట్టు నకలు. దాని మీద బ్రిటన్ ముద్రలు కూడా కొట్టారు. ‘గెరేట్ పాట్స్‌డామ్’ అని దానికో మారుపేరు. ఇవాళ యుద్ధకాలపు తుపాకులు సేకరించే యూరప్, అమెరికా ఆసాముల దగ్గర అసలు స్టెన్ కంటే ఈ నకలుకే విలువెక్కువ. అసలువి దాదాపు 40 లక్షలు తయారయ్యాయి. నకలు అరుదు. అరుదైనదానికే ధర.

ఈ లెక్క నాకు నచ్చదు. నేను బాలానగర్‌లో ప్రెస్ టూళ్లు చేస్తూ రిటైరైనవాణ్ణి. తుపాకీ పట్టింది లేదు, పట్టాలన్న కోరికా లేదు. కానీ రేకు ఎందుకు అలా వంచారు, అక్కడే ఎందుకు వెల్డింగ్ పెట్టారు అన్నది చూడకుండా ఉండలేను. అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ మ్యూజియం చూపించారు. మన దేశం నుంచి పోయిన ఏనుగు కవచం అక్కడే ఉంది. జనమంతా దాని చుట్టూ. నేను స్టెన్ దగ్గర నిలబడిపోయాను. “మావయ్యా, ఈ గొట్టంలో ఏముంది?” అన్నాడు మా అల్లుడు. గొట్టం మీద వెల్డింగ్ గుల్లలు గుల్లలుగా ఉంది, ఆకురాయి కూడా తగలనివ్వలేదు. మా టూల్‌రూమ్‌లో అలాంటి పని చూపిస్తే సూపర్‌వైజర్ వెనక్కి విసిరేసేవాడు. ఇక్కడ మాత్రం అది చేతకానితనం కాదు. డన్‌కర్క్‌లో బోలెడు ఆయుధాలు వదిలేసి వచ్చిన దేశం, ఒక్కోటి 200 డాలర్లు పోసి అమెరికా థాంప్సన్ గన్లు కావాల్సినన్ని కొనలేక, పది డాలర్లకు అటూఇటూగా అయ్యేలా గీయించుకున్న నమూనా అది. నునుపు చేస్తే గంటలు పోతాయి. గంటలు లేవు.

అందులో మూడో రకాన్ని లండన్ మెర్టన్‌లోని లైన్స్ బ్రదర్స్ చేశారు. ట్రయాంగ్ పేరుతో పిల్లలకు బొమ్మలు చేసిన కంపెనీ. రేకును మొత్తంగా గొట్టంలా చుట్టి, పైన వెన్నులా ఒకే అతుకు వేసేశారు. రేకు బొమ్మలు చేసిన చేతికే ఆ ఆలోచన వస్తుందని నా నమ్మకం.

వార్సాలో దీనికి పూర్తిగా విరుద్ధం. 1943లో జర్మన్ల కళ్లుగప్పి పోలండ్ రహస్య సైన్యం ‘బ్లిస్కవిత్సా’ అనే తుపాకీ చేసుకుంది. ఆ మాటకు మెరుపు అని అర్థం. జవ్రోత్నీ, వీలానియెర్ అనే ఇద్దరు ఇంజినీర్లు వీలైనంతవరకు వెల్డింగ్ జోలికి పోకుండా మరలతో, చుట్లతో కలిసేలా గీశారు. చిన్న చిన్న వర్క్‌షాపుల్లో లేతు మీద తలా ఓ ముక్క చేసి, మరోచోట బిగించుకోవచ్చు. సుమారు 700 తయారయ్యాయి. చేసినవాడి పేరు కొడితే ఆ పేరే వాడి ప్రాణం తీస్తుంది కాబట్టి ఎవరి ముద్రా కొట్టుకోలేదు. ముద్రలు చూసి ధర కట్టే బజారుకు ఈ 700 ఎలా అర్థమవుతాయి?

ముద్ర ఉన్నవాటి సంగతీ చెప్పాలి. జర్మన్ ఎంపీ 40 మీద ‘బీఎన్‌జెడ్’ అని ఉంటే అది ఆస్ట్రియాలోని స్టైర్ కంపెనీది. ‘ఏవైఎఫ్’ అయితే ఎర్మా, ‘ఎఫ్ఎక్స్ఓ’ అయితే హేనెల్. సేకర్తలకు ఇవి కంఠతా వచ్చు. అదే స్టైర్ కంపెనీ గూజెన్ నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత తుపాకీ భాగాలు చేయించిందన్న మాట మాత్రం ధరల పట్టికలో కనపడదు.

అమెరికాలో ఈ ధరలను పెంచింది చట్టం. 1968లో నెల రోజులు గడువిచ్చి, సైనికులు ఇంటికి తెచ్చుకున్న తుపాకుల్ని అడక్కుండా నమోదు చేసుకున్నారు. 1986 మే 19 నాటికి పుస్తకంలోకి ఎక్కని మెషిన్ గన్ ఇక మామూలు పౌరుడికి దక్కదు. ఉన్నవే చేతులు మారాలి, అందుకే పది డాలర్ల గొట్టం వేల డాలర్లు పలుకుతోంది. యూరప్‌లో వేరే కథ. 2015 జనవరి పారిస్ దాడుల్లో కొన్ని తుపాకులు, స్లొవేకియాలో ఉత్తుత్తి తూటాలు పేల్చేందుకు మార్చి అమ్మినవి, తిరిగి మార్చినవి అని తేలింది. ఆపైన 2016 నుంచి తుపాకుల్ని పనిచేయకుండా చేసే పద్ధతి కఠినం చేశారు. లోపలి భాగాలు వెల్డింగ్‌తో అతికేస్తారు, మళ్లీ విప్పడానికి లేదు.

అతికేయాల్సిందే. ఇందులో నాకు రెండో మాట లేదు. సేకర్తలు ‘చరిత్రను చంపేస్తున్నారు’ అని గగ్గోలు పెడితే, పారిస్‌లో పోయినవాళ్ల ముందు నిలబడి ఆ మాట అనమనండి. నా గొడవల్లా వెల్డింగ్‌కు ముందు రోజు గురించి. ప్రతి భాగం కొలతలు, ఫొటోలు, గొట్టంలో మర ఎలా కోశారు, అతుకు గ్యాసుతో వేశారా కరెంటుతో వేశారా, ఇవన్నీ రాసిపెట్టాకే టార్చి పట్టాలని నిబంధన ఉండాలి. ఖర్చు సేకర్తే పెట్టుకోవాలి. అరుదని లక్షలు పోసినవాడికి అదో లెక్కా? ఆ కాగితాలు బజారుకు పోనక్కర్లేదు, ప్రభుత్వ మ్యూజియం బీరువాలో ఉంటే చాలు. ముద్ర లేని బ్లిస్కవిత్సాను ఏ షాపులో చేశారో ఎప్పుడైనా తేలితే, లేతు ఉలి వదిలిన గీతల వల్లే తేలాలి. నకలు పాట్స్‌డామ్‌లకు మళ్లీ నకళ్లు పుట్టినా పట్టిచ్చేవి ఆ గీతలే.

మన ప్రభుత్వాలకూ ఇదే నా విన్నపం. 2006లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో దొరికిన మావోయిస్టు రాకెట్ల భాగాలు చెన్నై అంబత్తూరులోని చిన్న యూనిట్లలో తయారయ్యాయని పోలీసులు తేల్చారు. ఏ ముక్క దేనికో చేసినవాడికి తెలియకుండా పని పంచే పద్ధతి, వార్సా తర్వాత మళ్లీ అక్కడ కనపడింది. పట్టుబడ్డ నాటు ఆయుధాలను కరిగించే ముందు, రకానికి ఒకటి చొప్పున టూల్‌రూమ్ పని తెలిసిన మనిషి చేత విప్పించి, కొలిపించి, ఆ ఫైలు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పెట్టించండి. మా బాలానగర్‌లో రిటైరై ఖాళీగా ఉన్నవాళ్లు బోలెడుమంది. కూలి కూడా అడగం, టీ పోయిస్తే చాలు.