కళ్లు చెదిరే హెడ్‌లైట్లు: బల్బు మారుతోంది, గురి తప్పుతోంది

రాత్రివేళ రెండు వరుసల రహదారిపై ఎదురెదురుగా వచ్చే వాహనాలు ఒకదానినొకటి దాటే కొద్ది సెకన్లు డ్రైవర్లకు ఏమీ కనిపించని క్షణాలుగా మారుతున్నాయి. ఒకప్పుడు ఈ ఫిర్యాదు డిప్పర్ కొట్టని లారీల మీదే ఉండేది. ఇప్పుడు డిమ్‌లో ఉన్న కార్లు, మోటార్‌సైకిళ్ల దీపాలు సైతం కళ్లు చెదరగొడుతున్నాయి. ఢిల్లీలోని కశ్మీరీ గేట్, బెంగళూరులోని జేసీ రోడ్డు, సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వంటి విడిభాగాల మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ ఎక్కువ వెలుగునిచ్చే బల్బులు విరివిగా దొరుకుతున్నాయి. అరగంటలో అమర్చుకోగలిగే ఈ మార్పు సొంత వాహనానికి చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది. దాని ఫలితాన్ని భరించేది మాత్రం ఎదురుగా వచ్చే వ్యక్తి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరగగా, 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. రోజులో అత్యధిక ప్రమాదాలు నమోదయ్యేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య. మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు కాగా, 19.5 శాతం మంది పాదచారులు. అదే నివేదికలో అతివేగం, మద్యం సేవించి నడపడం, రాంగ్ సైడ్ ప్రయాణం, సిగ్నల్ ఉల్లంఘన, మొబైల్ వాడకం వంటి కారణాలకు వేర్వేరు పట్టికలున్నాయి. హెడ్‌లైట్ల మిరుమిట్ల వల్ల జరిగిన ప్రమాదాలకు అలాంటి వరుస లేదు. లెక్కలోకి రాని సమస్య విధానాల్లోకి రావడమూ ఆలస్యమవుతుంది.

కోరిక న్యాయమైనదే

ఎక్కువ వెలుగు కావాలనుకునేవారిని తప్పుపట్టడం సులభం. కానీ వారి అవసరం కల్పితం కాదు. వీధిదీపాలు లేని రోడ్లు, వెనుక ఎర్రదీపం లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు పక్కన నిలిపి ఉంచిన లారీలు, అకస్మాత్తుగా అడ్డొచ్చే పశువులు, రంగు వెలిసిన వేగ నిరోధకాలు దేశంలో ప్రతి రాత్రి డ్రైవర్లు ఎదుర్కొనేవే.

గణితం కూడా వారి పక్షానే ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు సుమారు 22 మీటర్లు కదులుతుంది. అడ్డంకిని గుర్తించి బ్రేకుపై కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే 33 మీటర్లు అక్కడే గడిచిపోతాయి. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినా ఆగేసరికి మరో 40 మీటర్లు కావాలి. మొత్తం 70 మీటర్లు దాటుతుంది. సరిగ్గా అమర్చిన డిమ్ లైటు చూపగలిగే దూరం కూడా దాదాపు అంతే. మసకబారిన దీపంతో అదే వేగంలో వెళ్లే డ్రైవరు, తాను చూడగలిగే దూరంలో వాహనాన్ని ఆపలేడు.

అందువల్ల వెలుగు పెంచుకోవడంలో దోషం లేదు. పెరిగిన ఆ వెలుగు రోడ్డు మీద పడుతోందా, ఎదుటివారి కళ్లలో పడుతోందా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

బల్బు, రిఫ్లెక్టర్ ఒక జంట

దేశంలోని చాలా కార్లలో కనిపించే హెచ్4 హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55 వాట్లు. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కింది వైపు వెళ్లే వెలుగును అది అడ్డుకుంటుంది. ఫలితంగా రిఫ్లెక్టర్ పైభాగం మీద మాత్రమే కాంతి పడి, అక్కడి నుంచి కిందికి మళ్లి రోడ్డును చేరుతుంది. గోడ మీద చూస్తే ఈ కాంతికి పైన స్పష్టమైన గీత ఒకటి కనిపిస్తుంది. ఎడమవైపు నడిచే దేశాల్లో ఆ గీత ఎడమ చివర కొద్దిగా పైకి లేస్తుంది. రోడ్డు అంచున నడిచేవారు కనిపించాలన్నది, కుడివైపు నుంచి వచ్చే వాహనదారు కళ్లకు వెలుగు తగలకూడదన్నది దీని ఉద్దేశం.

ఈ అమరిక పనిచేయాలంటే ఫిలమెంట్ ఉండవలసిన చోటే ఉండాలి. మిల్లీమీటరు తేడా వచ్చినా రిఫ్లెక్టర్ కాంతిని మరో దిశలో చల్లుతుంది. హాలోజన్ కోసం తయారైన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినప్పుడు తలెత్తే ఇబ్బంది ఇదే. సన్నని తీగచుట్ట నుంచి అన్ని దిక్కులకూ వెలువడవలసిన వెలుగు, బల్లపరుపు చిప్పుల నుంచి రెండు వైపులకే వెలువడుతుంది. పైనున్న గీత చెదిరిపోతుంది. కాంతి చెట్ల కొమ్మల మీద, సూచిక బోర్డుల మీద, ఎదుటివారి ముఖం మీద పడుతుంది. వాహనం ముందు పది పదిహేను మీటర్ల నేల తెల్లగా మెరుస్తుంది కనుక నడిపేవారికి వెలుగు బాగా పెరిగినట్లే అనిపిస్తుంది. దూరంగా ఉన్న రోడ్డు మాత్రం మునుపటికంటే చీకటిగా మిగిలిపోవచ్చు.

హెచ్‌ఐడీ కిట్ల విషయంలో సమస్య మరింత తీవ్రం. ఐక్యరాజ్యసమితి వాహన ప్రమాణాల ప్రకారం హెచ్4 లో బీమ్ వెలుగు సుమారు 1000 ల్యూమెన్లు. 35 వాట్ల డీ2ఎస్ తరహా హెచ్‌ఐడీ బల్బు 3200 ల్యూమెన్ల వరకు ఇస్తుంది. అదే ప్రమాణాలు 2000 ల్యూమెన్లు దాటిన కాంతి జనకాలకు, బరువును బట్టి గురిని తనంతట తానే సవరించుకునే ఏర్పాటు, దీపాన్ని శుభ్రం చేసే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. దుకాణంలో కొన్న కిట్‌తో ఆ రెండూ రావు. 100/90 వాట్ల బల్బుల విషయంలో గీత కొంతవరకు నిలిచినా, దాని పైకి కారే వెలుగు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వేడికి హోల్డరు కరగడం, సన్నని తీగలు కాలిపోవడం అదనపు ముప్పు.

కంపెనీ నుంచే ఎల్‌ఈడీ దీపాలతో వచ్చిన వాహనాల సంగతి వేరు. అక్కడ చిప్పు, కటకం, రిఫ్లెక్టర్ ఒకే యూనిట్‌గా రూపొంది పరీక్షకు నిలిచినవి. వాటి ఇబ్బందంతా చాలావరకు గురికి సంబంధించినదే.

ఒక్క డిగ్రీ తేడా

నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న హెడ్‌లైట్‌ను ఒక శాతం కిందికి వంచి అమర్చారనుకుంటే, పైగీత పది మీటర్లకు పది సెంటీమీటర్ల చొప్పున దిగుతూ 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఇదే దీపం ఒక్క డిగ్రీ పైకి లేస్తే గీత దిగడానికి బదులు ఎక్కడం మొదలుపెడుతుంది. 60 మీటర్ల దూరానికి అది సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్న కారులో కూర్చున్న డ్రైవరు కళ్లు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే.

ఒక డిగ్రీ తేడా రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వెనుక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే కారు ముక్కు పైకి లేస్తుంది. మోటార్‌సైకిల్ మీద వెనుక మరొకరు కూర్చున్నా అంతే. బల్బు వంకరగా బిగించినా, ప్రమాదం తర్వాత బంపరు మార్చి గురి సరిచూడకపోయినా ఫలితం ఒకటే. అంటే అసలు బల్బుతోనే ఎదుటివారిని ఇబ్బంది పెట్టే వాహనాలు ఉంటాయి. అలాంటి దీపంలో వెలుగును రెట్టింపు చేస్తే ఇబ్బంది కూడా రెట్టింపవుతుంది.

ఎదుటి కంటిలో ఏం జరుగుతుంది

తీవ్రమైన వెలుగు కంట్లో పడినప్పుడు అది లోపల చెదిరి, రెటీనా మీద పలుచని తెర పరిచినట్లవుతుంది. ముదురు దుస్తుల్లో రోడ్డు దాటే మనిషికి, వెనుకనున్న చీకటికి మధ్య తేడా ఆ తెరలో కరిగిపోతుంది. వాహనం దాటిపోయాక కూడా కన్ను తిరిగి చీకటికి అలవాటు పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్ల ప్రయాణం.

వయసుతో ఈ ఇబ్బంది పెరుగుతుంది. 60 ఏళ్ల వ్యక్తి రెటీనాకు చేరే వెలుగు 20 ఏళ్ల వ్యక్తితో పోలిస్తే సుమారు మూడో వంతే. శుక్లాలు మొదలైతే కాంతి మరింత చెదురుతుంది. గీతలు పడిన హెల్మెట్ అద్దం, సరిగా తుడవని విండ్‌షీల్డ్ కూడా అదే పని చేస్తాయి. నీలి ఛాయ ఉన్న తెల్లటి వెలుగు, అంతే తీవ్రత గల పసుపు వెలుగుకంటే ఎక్కువ మందికి చికాకు కలిగిస్తుంది. మార్కెట్లో అత్యధికంగా ఆకర్షించేది మాత్రం ఆ నీలి మెరుపే.

చట్టం కొలిచేది వేరు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు–1989లోని 106వ నిబంధన, ముందు దీపాలు ఎదుటివారి కళ్లు చెదరగొట్టకూడదని స్పష్టంగా చెబుతుంది. వాహనానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని అది ప్రామాణికంగా తీసుకుంటుంది. కానీ 70 సెంటీమీటర్ల ఎత్తునుంచి బయలుదేరిన వెలుగు 8 మీటర్లలో 1.5 మీటర్ల ఎత్తును అందుకోవాలంటే పది శాతం ఏటవాలుగా పైకి వెళ్లాలి. అంత ఘోరంగా గురి తప్పిన దీపాలు అరుదు. 60 మీటర్ల దూరంలోని డ్రైవరును ఇబ్బంది పెట్టే ఒక డిగ్రీ దోషం ఈ కొలతకు దొరకదు.

శిక్షలు లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సాధారణ ఉల్లంఘనలకు 177వ సెక్షన్ కింద తొలిసారి 500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. కర్ణాటక పోలీసులు 2024 జులైలో మిరుమిట్లు గొలిపే ఎల్‌ఈడీ దీపాలపై రాష్ట్రవ్యాప్తంగా కేసులు నమోదు చేశారు. అయితే రోడ్డు పక్కన నిలబడి కంటితో చూసి నిర్ణయించే తనిఖీ, బల్బు మారిందో లేదో చెప్పగలదు గానీ గురి ఎంత తప్పిందో చెప్పలేదు.

ఇతర దేశాలూ ఈ చిక్కును ఎదుర్కొంటున్నాయి. మిరుమిట్లపై స్వతంత్ర అధ్యయనం చేయించనున్నట్లు బ్రిటన్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఎదుటి వాహనం ఉన్నంత మేర మాత్రమే కాంతిని తగ్గించుకునే దీపాలకు అమెరికా 2022లో అనుమతినిచ్చింది. జర్మనీ 2020లో హాలోజన్ స్థానంలో అమర్చే ఎల్‌ఈడీ బల్బుకు తొలిసారి ఆమోదం తెలిపింది. ఆ ఆమోదం అన్ని కార్లకూ వర్తించదు. పరీక్షించిన మోడళ్ల జాబితాలో ఉన్న వాహనాలకే పరిమితం. బల్బును రిఫ్లెక్టర్‌తో కలిపే పరీక్షించాలన్న సూత్రానికి అది గుర్తింపు.

ఎదుటివారిని నొప్పించకుండా

వెలుగు చాలడం లేదనుకునేవారు బల్బు కొనేముందు చేయవలసిన పనులు మూడున్నాయి. మొదటిది లెన్సు. ప్లాస్టిక్ లెన్సులు ఎండకు పసుపుబారి మసకేస్తాయి. అలా పాడైన లెన్సుల నుంచి కొత్తవాటితో పోలిస్తే 20 శాతం వెలుగే వస్తోందని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో వెల్లడించింది. మసక లెన్సు వెలుగును తగ్గించడమే గాక చెదరగొడుతుంది కూడా. పాలిష్ చేయించి, ఎండ తగలకుండా పూత వేయిస్తే రెండు నష్టాలూ తగ్గుతాయి.

రెండోది విద్యుత్తు. హాలోజన్ బల్బుకు అందే ఓల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. పాత వాహనాల్లో స్విచ్చు మీదుగా సన్నని తీగల్లో సాగే కరెంటు ఈ మేరకు నష్టపోవడం సాధారణం. బ్యాటరీ నుంచి రిలే, ఫ్యూజు, తగిన మందంగల తీగలతో నేరుగా సరఫరా ఇప్పిస్తే అదే బల్బు పూర్తి వెలుగునిస్తుంది.

మూడోది గురి. టైర్లలో సరైన గాలితో, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చుని ఉండగా, చదునైన నేలపై గోడకు పది మీటర్ల దూరంలో కారును నిలపాలి. దీపం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడపై గుర్తు పెట్టి, డిమ్ వెలుగు పైగీత ఆ గుర్తుకు పది సెంటీమీటర్లు కింద ఉండేలా మరను సవరించాలి. డాష్‌బోర్డుపై సున్నా నుంచి మూడు వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటే, వెనుక బరువు పెరిగినప్పుడు పెద్ద అంకె వైపు తిప్పాలి. ఇందుకు ఖర్చేమీ లేదు.

ఆ తర్వాతా చాలకపోతే అదే తరగతి, అదే వాట్లలో లభించే మేలురకం హాలోజన్ బల్బులు ఉన్నాయి. పెట్టె మీద కనిపించే ‘150 శాతం అదనం’ వంటి మాటలు రోడ్డుపై ఒకానొక బిందువు వద్ద కనీస ప్రమాణంతో పోల్చి చెప్పినవి. మొత్తం వెలుగు అంతగా పెరగదు. పైగా ఫిలమెంట్ మరింత వేడెక్కుతుంది కనుక బల్బు త్వరగా మాడిపోతుంది. నీలి పూత ఉన్నవి వెలుగును వడకట్టి తగ్గిస్తాయి. ఎల్‌ఈడీయే కావాలంటే, ఆ మోడల్ కోసం తయారీదారు రూపొందించి ఆమోదం పొందిన పూర్తి హెడ్‌లైట్ యూనిట్‌ను అధీకృత కేంద్రంలో అమర్చుకోవడం సరైన దారి.

తనిఖీ లేని పదిహేనేళ్లు

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కార్లకు, ద్విచక్ర వాహనాలకు రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్ల వరకు దీపాల గురిని చూసే పరీక్ష ఏదీ లేదు. పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైట్లు ఇంజిన్‌తోపాటే వెలుగుతున్నాయి. గురి తప్పిన దీపాన్ని ఆర్పే స్విచ్చు కూడా వాటికి లేదు.

కాలుష్య ధ్రువపత్రం కోసం మాత్రం ఈ వాహనాలన్నీ క్రమం తప్పకుండా తనిఖీ కేంద్రానికి వెళ్లవలసిందే. పొగ కొలిచే ఆ కేంద్రంలోనే గోడపై ఒక గీత, నేలపై ఒక గుర్తు ఉంటే హెడ్‌లైట్ గురిని రెండు నిమిషాల్లో చూడవచ్చు. మర తిప్పి సరిచేయడం మెకానిక్‌కు చిన్న పని. జరిమానాలకంటే ముందు ఈ ఏర్పాటు వస్తే, బల్బు మార్చినవారికీ మార్చనివారికీ తమ వెలుగు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఈ లోగా డిమ్‌లో ఉన్నా ఎదుటివారు పదేపదే డిప్పర్ కొడుతున్నారంటే, ఆ వాహనదారు తన దీపాల గురిని ఒకసారి గోడ మీద చూసుకోవడం మంచిది.