వాటాలు రాసుకున్న ఊరు

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి పేరు చెబితే మన ఇళ్ళలో చాలామంది అది మనకు సంబంధించిన ఊరు కాదనుకుంటారు. భాగవతులు, అగ్రహారం, నాట్యం మనకెందుకు అంటారు. కాని ఆ అగ్రహారాన్ని తమ పెద్దలకు ఇచ్చింది గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అని తరతరాలుగా చెప్పుకుంటున్నది ఆ ఊరివారే. మచిలీపట్నం వైపు వచ్చిన సుల్తాను వారి ప్రదర్శన చూసి మెచ్చి ఊరిని రాసిచ్చాడని ఐతిహ్యం.

ఈ వారం మేము ఆ ఊరిని తలచుకుంటున్నది నాట్యం కోసం కాదు, పదిమంది కలిసి పనిచేసి బతకడం గురించి. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, వన్‌టౌన్ దుకాణాల్లో, దర్జీ కొట్లలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. సొంత అన్నదమ్ములు పెట్టుకున్న షెడ్డు ఎందుకు రెండు షెడ్లవుతోంది? ఉస్తాదు దగ్గర చేరిన కుర్రవాడు పని పూర్తిగా పట్టుబడకముందే ఎందుకు వెళ్ళిపోతున్నాడు?

ఈనాడు వేదిక మీద ఒక్కరే ఆడే అంశాలు చూసి కూచిపూడి అంటే అంతే అనుకుంటాం. పూర్వం అది మేళం, రాత్రంతా సాగే బృంద నాటకం. సూత్రధారుడు తాళం పట్టి, పాడి, కథ నడిపించాలి. మద్దెల వాయించేవాడి కన్ను ఆడేవాడి పాదం మీదే ఉండాలి. ఇద్దరు తెర పట్టాలి. దివిటీలు పట్టినవారు సరిగ్గా పాత్ర ప్రవేశించే వేళకు గుగ్గిలం పొడి చల్లితే గుప్పున మంట లేచేది, ఆ వెలుగులో సత్యభామ కనబడేది. భామ వేషం కట్టేది పురుషుడే. మన కాలంలో ఆ వేషానికి దేశమంతా పేరు తెచ్చినవారు వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935-2012). అంతటి నటుడికైనా తెర పట్టే మనుషులు కావాలి కదా!

మాకు ఇంకా నచ్చిన సంగతి మరొకటుంది. మేళానికి పెద్ద సూత్రధారుడు. కాని భామాకలాపంలో ఆయనే మాధవిగా మారి భామకు చెలికత్తె అవుతాడు. ఆమె కోపతాపాలు వింటాడు, ఆమె చీవాట్లు తింటాడు. యజమాని చెలికత్తె పనికి దిగితే అతని పెద్దరికం తగ్గలేదు. మన షెడ్లలో ఎందరు ఉస్తాదులు ఇంజను కింద కుర్రవాడి పక్కన పడుకుని నట్టు బిగిస్తున్నారు? బిగించేవారు లేకపోలేదు. వారి దగ్గర కుర్రవాళ్ళు నిలుస్తున్నారు కూడా.

ఇక అసలు మాట. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి వంటి ఇంటిపేర్ల కుటుంబాలవారు 1763లో అగ్రహారాన్ని పంచుకున్నప్పుడు ఆ పంపకాన్ని పత్రం మీద రాసుకున్నారు. ఒకే తెర వెనక నిలబడినవారు, ఒకరికొకరు వియ్యాలందుకునేవారు. అయినా కాగితం రాసుకున్నారు. మనం మాత్రం "అరే భాయ్, మన మధ్య కాగితమేమిటి? భరోసా లేదా?" అంటాం. బావమరిది రెండు లక్షలు పెడతాడు, మేనల్లుడు పని పెడతాడు, లాభం వచ్చిన నాడు ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. సోదరులారా, దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ దేని గురించో మదరసా పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి, చిన్నమొత్తమైనా రాయడానికి విసుక్కోవద్దు అన్నదే ఆ ఆయత్ సారం. రాసుకోవడమంటే అనుమానించడమని మనకు ఎవరు నేర్పారో తెలియదు.

కుర్రవాళ్ళ సంగతికి వద్దాం. పదమూడేళ్ళకే బడి మాన్పించి షెడ్డులో వేయడం తప్పు, ఆ వయసు వాడికి బడే చోటు. చదువు అయ్యాక వచ్చినవాడి మాటే చెబుతున్నాం. ఏడాదంతా స్పానర్లు అందించడం, టీ తేవడం. గేర్‌బాక్సు విప్పేవేళకు మాత్రం ఉస్తాదు అతణ్ణి బజారుకు పంపుతాడు. పని నేర్పితే ఎదురుగా షెడ్డు పెడతాడేమోనని భయం. ఆ భయాన్ని కుర్రవాడు మొదటి వారంలోనే పసిగడతాడు. కూచిపూడిలో చిన్నపిల్లవాడికి చిన్న వేషమిచ్చి మేళంతో తిప్పేవారు. పెద్దల వెనక నిలబడి చూస్తూ చూస్తూ అతను పెద్ద వేషాల దాకా వచ్చేవాడు. దాచుకుంటే రేపు మేళమే ఉండదని వారికి తెలుసు.

జీతం పెంచితే చాలదా అని కొందరు యజమానులు అడుగుతారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నది దైవప్రవక్త (స) బోధ, అందులో రెండో మాట లేదు. కాని మనిషి ఒక్క డబ్బుతోనే నిలవడని తానీషా చరిత్రే చెబుతుంది. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా గోల్కొండ లొంగలేదు. చివరకు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని లోపలి నుంచి తలుపు తెరిచాడు. అదే కోటలో అబ్దుర్రజాక్ లారీకి మొగలులు పెద్ద మన్సబు ఆశ చూపితే ఆ ఫర్మానాను నలుగురిలో చించివేశాడు, ఒళ్ళంతా గాయాలై పడిపోయే దాకా పోరాడాడు. ఇద్దరూ తిన్నది ఒకే సర్కారు జీతం.

కూచిపూడివారినీ ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. చాలా కాలం ఆ మేళంలో ఆడవారికి చోటు లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటివారు స్త్రీలకు నేర్పాకే, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టాకే ఆ కళ లోకమంతా తిరిగింది. సగం మందిని బయట నిలబెట్టిన జట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది? మన దర్జీ కొట్లకు హుక్కులు కుట్టేది, హెమ్మింగ్ చేసేది, చీరలకు ఫాల్ వేసేది ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళే. కొట్టు యజమాని గిరాకీ దగ్గర ఎంత తీసుకుంటాడో వాళ్ళకు తెలియదు. పండగ రద్దీలో రాత్రి రెండింటి దాకా కళ్ళు కాయలు కాసేలా కుడతారు, రంజాన్ అయ్యాక "చూద్దాం బహెన్, లెక్క చూసి ఇస్తాం" అన్న జవాబు వింటారు. ఏ పనికి ఎంతో రాసి ఒక చీటీ ఆ ఇంటికి పంపడానికి దుకాణదారుకు అర నిమిషం కూడా పట్టదు.