మూసీ కాల్వ పక్కన కొత్తిమీర

దసరాకి వలిగొండ దగ్గర మా చిన్నాయిన ఇంటికి పోయా. వరి పక్కనే పది గుంటల్లో కొత్తిమీర మడి కనిపించింది. "దినాం పైసలొస్తయి బిడ్డా" అన్నడు. నేను కాల్వ వైపు చూశా. తెల్లటి నురగ, ఆ వాసన... మీలో ఎవరైనా మూసీ పక్కన పెరిగుంటే వేరే చెప్పక్కర్లేదు.

మూసీ పుట్టేది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. హైదరాబాద్ దాటేసరికి అందులో ఎక్కువగా ఉండేవి మన సింకులు, బాత్రూముల నీళ్లే. అవే కత్వలు, కాల్వల మీదుగా పొలాలకు పారి, మిగిలినవి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఎండాకాలంలో కూడా ఆగవు కాబట్టి మా వాళ్లకు రెండు కార్లూ వరే. బోరు నీళ్లు చూస్తే ఉప్పన. అందుకే సిటీలో కూర్చుని "మూసీ పంట తినకండి" అని స్టేటస్ పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ మురికి పంపింది మనమే కదా!

కానీ వరి వేరు, కొత్తిమీర వేరు. వడ్లు మిల్లు పట్టించి, వండుకుని తింటాం. కొత్తిమీర కడిగీ కడగకుండా పచ్చిగా చల్లుకుంటాం. మురుగులోని క్రిములు, నులిపురుగుల గుడ్లు ఆకుకే అంటుకుంటాయి. కోతకు కొన్ని రోజుల ముందు ఆ నీళ్లు ఆపితే ఎండకు క్రిములు చాలావరకు చస్తాయి, గుడ్లు మాత్రం మొండివి. అయినా కొత్తిమీర అన్ని రోజులు నీళ్లు లేకుండా నిలబడుతుందా? ఇక ఫ్యాక్టరీల నుంచి కలిసే లోహాలైతే వండినా పోవు. వాటిని పైనే ఆపాలి, రైతు చేతిలో లేదు.

ఇదంతా చెప్తే చిన్నాయిన ఒకటే అడిగిండు: "మరి నా నష్టం ఎవలిస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కోత అమ్మేసిండు.

తెల్లారి మాత్రం బోరు నీళ్లు పరీక్షకు ఇద్దామంటే ఒప్పుకున్నడు. బోరు పావుగంట నడిపి, అవే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, అర లీటరు పట్టాం. ఈసీ 1.8 వచ్చింది. ఈసీ అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క. ఎఫ్‌ఏఓ ప్రకారం 0.7 లోపు ఢోకా లేదు, 3 దాటితే కష్టం. మధ్యలో ఉంటే పంట చూసి వేసుకోవాలి. బీన్స్, ఉల్లి ఉప్పుకు తొందరగా దెబ్బతింటాయి, పత్తి ఓర్చుకుంటుంది. డ్రిప్ అయితే మేలు. స్ప్రింక్లర్‌తో కొడితే ఆకులు మాడతాయి. అప్పుడప్పుడు నిండుగా పారించి, ఉప్పును వేళ్ల కిందికి దించాలి. నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే ఆ ఉప్పు మళ్లీ పైకే తేలుతుంది.

ఇప్పుడు ఆ పది గుంటల్లో బోరు నీళ్లతో పత్తి ఉంది. వరికి యూరియా కూడా తగ్గించిండు. మూసీ నీళ్లలోనే నత్రజని ఉంటుంది, దానికి యూరియా తోడైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతది.

కాళ్ల దురద మాత్రం పోలేదు. గంబూట్లు కొనిచ్చా. మొన్న ఫోన్ చేస్తే, "బురదల కూరుకపోతున్నయి రా" అని నవ్విండు. నాటుకు పనికిరావు. మడవ తిప్పేటప్పుడైనా తొడుక్కో అన్నా. తొడుక్కుంటున్నడట.